మోటారుకు బాపు పోసిన మందు

మా ఇంట్లో పొద్దున్నే మొదట దగ్గేది మోటారు. దాని పొగకు మా ఆయన దగ్గేవాడు. ఆ ఇద్దరినీ తిట్టుకుంటూ నేను లేచేదాన్ని. నిజామాబాదులో మా గల్లీ వాళ్ళకు కోడికూతతో పనే ఉండేది కాదు.

ఆ మోటారు మా చేతికి వచ్చేనాటికే ముసలిది. మొదట హైదరాబాదులో ఎవరో జాగీర్దారు గారి దేవిడీలో, పెద్ద బంగళాలో ఉండేదట. ఆ తరువాత ఒక గుత్తేదారు దాన్ని కంకర రోడ్ల మీద నట్లూ బోల్టులూ ఊడేదాకా తిప్పాడు. ఎన్ని మైళ్ళు నడిచిందో చూపించే ముల్లు ఎక్కడో ఒక అంకె దగ్గర ఆగిపోయి ఇక కదలలేదు. పైన గుడ్డ టాపు, ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గానీ పలకని ఇంజను. పెట్రోలు టాంకీ ముందు సీటు కింద ఉండేది. మెత్త ఎత్తి, మూత తిప్పి, డబ్బాతో పోయాలి. మా ఆయన దాన్ని నిజామాబాదుకూ బోధనుకూ మధ్య కిరాయికి తిప్పేవాడు. అప్పటికి బోధనుకు రైలు పడలేదు. కాలువ నీళ్ళు వచ్చి ఆ పక్కంతా చెరకే అయింది. చక్కెర ఫ్యాక్టరీ వస్తుందన్న మాట పుట్టగానే బేరగాళ్ళూ మేస్త్రీలూ ఒకటే రాకపోకలు. మా ముసలి మోటారుకు కూర్చునే తీరిక ఉండేది కాదు.

మా నాన్నది, అంటే మా బాపుది, బోధను దారిలో ఎడపల్లి. బాపుకు కొద్దిగా చెరకు తోట ఉండేది గానీ, ఆయన పేరు తోట వల్ల వచ్చింది కాదు, బెల్లం వల్ల వచ్చింది. చెరకు రసం పెనంలో మరిగేటప్పుడు అందులో బెండ కాడల జిగురూ, సున్నపు తేటా పోస్తారు. అప్పుడు రసంలోని మురికంతా మడ్డిగా పైకి లేస్తుంది. దాన్ని గరిటెలతో తీసి పారేస్తారు. సున్నం తక్కువైతే బెల్లం నల్లబడుతుంది, ఎక్కువైతే నాలుక పొక్కుతుంది. దానికి కొలతంటూ లేదు. మా బాపు పెనం పక్కన నిలబడి, ఆవిరి వాసన చూసి, రసం రంగు చూసి, "సాలు" అనేవాడు. ఆ మాటతో పోసే చెయ్యి ఆగిపోయేది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు తమ మొదటి పెనానికి బండి కట్టించి మరీ తీసుకుపోయేవారు. రైతుల్లో బాపు కంటే ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ సున్నం దగ్గర ఆయన మాటకు ఎదురు లేదు. ఆయనకు అదే ఆస్తి, అదే గర్వం.

మా ఆయన బాపుకు సొంత అక్క కొడుకు. నన్ను ఇచ్చేటప్పుడు ఇతను నాగలి పట్టుకుంటాడనుకున్నాడు మా బాపు. ఇతనేమో హైదరాబాదు పోయి మోటారు చక్రం పట్టుకున్నాడు. అప్పటినుంచి బాపు అల్లుణ్ణి ఏమీ అనలేదు గానీ, మోటారును మాత్రం మనిషిలా పగబట్టాడు. ఎక్కలేదు, ముట్టలేదు. అది వాకిట్లోకి వస్తే ఎద్దులను తోలుకొని పక్కకు పోయేవాడు. "ఆ దగ్గుబండి పోయిందా?" అని అడిగి గానీ లోపలికి వచ్చేవాడు కాదు. మా ఆయన ప్రతిసారీ ఏదో ఒకటి మొదలుపెట్టేవాడు, కొత్త టైరు వేశాననో, హారను బాగైందనో. బాపు తల ఊపి చుట్ట ముట్టించుకునేవాడు. అల్లుడి మొహం అప్పుడు చూడాలి, నాకే జాలేసేది.

ఆ ఏడు గానుగల కాలంలో నేను ఎడపల్లిలోనే ఉన్నాను, మా అమ్మకు చేతిసాయంగా. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. పెనం దగ్గర పనివాళ్ళకు వండిపెట్టడమే ఒక చిన్న పెళ్ళంత పని. ఒకనాడు పగటిపూట మా ఆయన నేరుగా పెనం దగ్గరికే మోటారు తెచ్చాడు. చేతిలో ఒక సీసా ఉంది, లోపల రూహఫ్జా షర్బతు రంగు నీళ్ళు. హైదరాబాదులో మోటారు సామాన్ల దుకాణంలో కొన్నాడట. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు.

"ఏంది అల్లుడా అది, సారానా?" అన్నాడు బాపు.

"సారా కాదు మామా, మోటరుకు మందు. పెట్రోల్ల కలిపితె గొట్టాలల్ల జిడ్డు, ఇంజన్ల మసి అంత కరిగి పోతదట. దగ్గు తగ్గుతదట."

బాపు సీసా తీసుకొని వాసన చూశాడు. మొహం చిట్లించాడు. "ఎంత పోస్తవు?"

"డబ్బకు ఒక మూత."

"ఎవలు చెప్పిండ్రు?"

"దుకాణపాయన."

"ఆయిన నీ బండిని సూసిండా?"

"లేదు మామా. ఆయిన హైదరాబాదుల ఉంటడు గదా."

బాపుకు అక్కడ రోషం పొడుచుకొచ్చింది. "రసం సూడకుంట సున్నం ఎంతెయ్యాల్నో ఎవడన్న చెప్తడా? లేత సెరుకుకు ఒక తీరు, ముదురు సెరుకుకు ఒక తీరు. నీ బండి ఎంత ముదురుదో ఆయినకేం ఎరుక?" అని, గరిటె నా చేతికిచ్చి, సీసా పట్టుకొని మోటారు వైపు నడిచాడు.

నేను నోరు తెరుచుకొని చూస్తుండిపోయాను. మా ఆయన ఉరికి సీటు మెత్త ఎత్తాడు, టాంకీ మూత తిప్పాడు. ఒక మూత మందు కొలిచి పోశాడు. బాపు వంగి, చెయ్యి అడ్డం పెట్టుకొని, ఎండ వెలుతురులో టాంకీ లోపలికి చూశాడు. పెనంలోకి ఎలా చూస్తాడో అలాగే చూశాడు.

"మడ్డి లేస్తలేదు గదా," అన్నాడు.

మరొక మూత పోశారు. మళ్ళీ చూశాడు. పెట్రోలు మీద మీగడలాంటి తరకైనా తేలలేదు. "మందు పడితె మురికి పైకి రావాలె. రాలేదంటె మందు సాలలేదన్నట్టు. బండిని ఊపు, కలవాలె," అన్నాడు. పెనం దగ్గరి మనుషులు కూడా వచ్చి మోటారును అటూ ఇటూ ఊపారు. పైకి ఏమీ రాలేదు. బాపు ఇక మూతల లెక్క మానేసి సీసా వంచాడు. కొంచెం ఆగి చూసి మళ్ళీ వంచాడు. సీసా ఖాళీ అయ్యేదాకా అదే వరస.

రసంలో మురికి పైకి తేలుతుంది. టాంకీలో ఊడిన జిడ్డు అడుక్కు దిగుతుంది, ఇంజనుకు పెట్రోలు పోయే గొట్టం మొదలయ్యేది ఆ అడుగునే. ఈ సంగతి బాపుకు తెలియదు. మా ఆయనకు తెలుసు. టాంకీ కింది బిరడా తిప్పి అడుగు మురికి తీసే మనిషే కదా. ఆయన ఎందుకు వద్దనలేదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ళకు ముసలాయన ఆ మోటారు మీద చెయ్యి వేశాడు. మా ఆయన మొహంలో అంత సంతోషం పెళ్ళిపీటల మీద కూడా నేను చూడలేదు. అప్పుడు ఏం పోసినా పోయనిచ్చేవాడే, కల్లు పోసినా సరే.

మరునాడు పొద్దున హ్యాండిలు వేసి ఒక్క తిప్పు తిప్పగానే ఇంజను అందుకుంది. దగ్గు లేదు. తెల్లగా కొంత పొగ వదిలి, ఆ తరువాత పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా ఆడింది. బాపు వాకిట్లో నిలబడి విన్నాడు. లోపలికి పోయి, ఉతికిన తెల్ల రుమాలు తలకు చుట్టుకొని వచ్చాడు. నేరుగా మోటారు ఎక్కి కూర్చున్నాడు. మా ఆయన కాలువ గట్టుదాకా తిప్పి తెచ్చాడు. దిగాక బాపు పెనం దగ్గర ఎవరు కనబడితే వాళ్ళకు అదే కథ. "దుకాణపోడు మూతెడు పొయ్యమన్నడట. నేను బండిని సూసి పోసిన. గిప్పుడు సూడుండ్రి, పులి లెక్క ఉరుకుతున్నది." అల్లుడు పక్కనే నిలబడి తల ఊపుతూ ఉన్నాడు. మామా అల్లుళ్ళకు ఇంత ఒద్దిక ఎప్పుడు కుదిరిందని అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది.

ఆ మధ్యాహ్నమే బాపు కాలు కాలింది.

పాకం ముదిరాక పెనాన్ని కర్రలు దూర్చి ఎత్తి, పక్కనున్న చెక్క దోనెలోకి వంచుతారు. నలుగురు పట్టే పని. ఒకతని కాలు రసం తడికి జారింది, పెనం ఒరిగింది. పాకం బాపు ఎడమ కాలి మీద పడింది, పిక్కనుంచి వేళ్ళదాకా. నీళ్ళైతే జారిపోతాయి. పాకం పట్టుకొని కూర్చుంటుంది, కూర్చొని కాలుస్తుంది. ఎవరో తుడవబోతే దానితోపాటు తోలు వచ్చింది. బాపు అరవలేదు. నేల మీద కూర్చొని తన కాలిని ఎవరిదో అయినట్టు చూశాడు. కుండల కొద్దీ నీళ్ళు పోశాం. అవ్వ పెనం పక్కనున్న సున్నపు తేటలో నూనె కలిపి చిలికి పూసింది. పైన పాత గుడ్డ చుట్టి కట్టింది.

ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన చూసి, ఇది ఇంటి వైద్యానికి లొంగేది కాదు, నిజామాబాదు సర్కారు దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు.

"ఎడ్లబండి కట్టుండ్రి," అంది అవ్వ. "గా ముసలి మోటరును నమ్మి నేను మనిషిని పంప."

"బండెందుకు? మోటర్లనే పోత," అన్నాడు బాపు. "పొద్దున సూసిన గదా. నా చేతి మందు పడ్డది దానికి."

బాపును వెనక సీట్లో అడ్డంగా కూర్చోబెట్టి, కాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. అవ్వను ఇంట్లోనే ఉంచాం. మోటారు నిజంగానే బాగా ఉరికింది, జానకంపేట దగ్గరికి వచ్చేదాకా. అక్కడ ఒకసారి ఎగిరిపడింది. మళ్ళీ ఎగిరిపడింది. ఆ తరువాత చప్పుడు సన్నబడి ఆగిపోయింది.

మా ఆయన దిగి ఇంజను రేకు ఎత్తాడు. పెట్రోలు సన్నగా దూకే చిన్న ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది, సూది మొన దూరేంత కంత. దాన్ని విప్పి, నోట పెట్టి ఊదాడు. పెనానికి అంటుకున్న మాడు లాంటి నల్లటి పెచ్చులు ఆయన అరచేతిలో పడ్డాయి. బిగించి, హ్యాండిలు తిప్పాడు. అందుకుంది. ఓ రెండు చెట్ల దూరం పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ విప్పాడు, మళ్ళీ ఊదాడు. ఊది ఊది ఆయన పెదాలు పెట్రోలుకు తెల్లగా పాలిపోయాయి.

నా ఒళ్ళో బాపు కాలు వేడిగా ఉంది. అది వాస్తుంటే నాకు తెలుస్తోంది. భయం నా దగ్గర కోపంగానే బయటికి వస్తుంది. "ఇంకెంతసేపు? మనిషి గిట్ల ఉంటే నీ బండికి గిప్పుడే రోగమొచ్చిందా?" అని అరిచాను.

ఆయన చేతిలోని నల్లటి పెచ్చులను చూపించకుండా పంచెకు తుడిచేసుకున్నాడు. కానీ బాపు చూశాడు. ఆయన కళ్ళు పెనం దగ్గర అరిగిన కళ్ళు. దూరంనుంచే అది ఏమిటో ఆయనకు తెలిసింది.

"అల్లుడా, అది టాంకీలది గదా," అన్నాడు.

"గొట్టం పాతది మామా. గొట్టంలది."

"నేను పోసిన మందుకు ఊడింది గదా."

"కాదు మామా."

బాపు నొప్పికి పళ్ళు బిగబట్టాడు. తరువాత మెల్లగా, "అంత ఒక్కపారే లేసింది. నేను ఆగకపోతి," అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. తిట్టడానికి నోరు తెరిచాను. ఎవరిని తిట్టాలి?

ఎదురుగా ఒక ఎడ్లబండి వచ్చింది. బాపును అందులో ఎక్కిద్దామని నేను అన్నాను. బండాయన కూడా వెనక్కి తిప్పుతానన్నాడు, మంచివాడు. కానీ ఆ కుదుపుల్లో, ఆ నడకలో పొద్దు గుంకేదాకా ఆ కాలు ఏమవుతుంది? మా ఆయన ఒక్క నిమిషం నిలబడి ఆలోచించాడు. "టాంకీల ఉన్నదంత దించి, కడిగి, పెట్రోలు వడగట్టి పోస్త. ఇగ ఆగది," అన్నాడు. వెనక సీటు కింద రెండు ఖాళీ డబ్బాలున్నాయి. కింది బిరడా తిప్పి పెట్రోలంతా పట్టాడు. నల్లటి గంజిలా వచ్చింది. ఒక డబ్బాలోనుంచి ఇంకో డబ్బాలోకి వడగట్టాలంటే పల్చటి గుడ్డ కావాలి, శుభ్రమైనది. నేను కొంగు చింపబోయాను.

"వద్దు. నీ కొంగుకు పాకం అంటింది. అది పోతె ఇంజను మొత్తమే ఖరాబైతది," అన్నాడు. ఆయన అంగీ చూస్తే నూనె మరకలు. బండాయన గొంగడి వెంట్రుకలు రాలుతుంది.

బాపు చేతులు పైకెత్తి తన రుమాలు విప్పడం మొదలుపెట్టాడు.

మా వైపు పెద్ద మనిషి నలుగురిలో రుమాలు తియ్యడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుసు. చావు ఇంట్లో తీస్తారు. ఒకరి కాళ్ళ దగ్గర పెట్టి బతిమాలుకోవలసి వస్తే తీస్తారు. అల్లుడి ముందు ఏ మామా తియ్యడు. మా ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "మామా, వద్దు. నేను ఇంకోటి చూస్త," అన్నాడు.

"ఇంకోటి లేదు. రసం వడగట్టినట్టు వడగట్టు," అన్నాడు బాపు. విప్పిన గుడ్డను ముద్ద చేసి చాచాడు. చెయ్యి అలాగే చాచి ఉంచాడు, అల్లుడు వచ్చి తీసుకునేదాకా.

బాపు తల అంత తెల్లబడిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎండలో ఆ తలను చూడలేక నా రెండు చేతులూ అడ్డం పెట్టాను. డబ్బా మీద పరిచిన తెల్ల రుమాలు నల్లబడుతూ పోయింది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పెట్రోలు ఘాటుకు అనుకోవాలంటే అనుకోవచ్చు. బండాయన అవతలికి తిరిగి నిలబడ్డాడు. చెప్పాను కదా, మంచివాడు.

ఆ తరువాత మోటారు ఎక్కడా ఆగలేదు.

దవాఖానలో డాక్టరు కట్టు విప్పి చూసి, "కాలి ఎంతసేపైంది? ఇంతసేపు తొవ్వల ఏం చేసిండ్రు?" అని కసిరాడు.

బాపు నోరు తెరిచేలోపే మా ఆయన ముందుకు వచ్చాడు. "నా మోటరు ఆగింది సాబ్. పాత బండి. నేను సరిగ చూసుకోలె. తప్పు నాదే."

బాపు గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

జ్వరం వచ్చింది, కాలు చీము పట్టింది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ వేళ్ళు తియ్యక తప్పలేదు. చీలమండ బిగుసుకుపోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే వేళ్ళు దక్కేవో లేదో డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు. కర్ర పట్టుకొని నడవగలడు. పెనం పక్కన ఆ వేడిలో, ఆ తడిలో పూటంతా నిలబడడం మాత్రం ఇక కుదరదన్నాడు.

ఊరు మాత్రం తేల్చేసింది. మామ కాలు తీసిన మోటారు అని దానికి పేరు పడింది. బోధనులో బండ్లు ఆగేచోట కూడా ఆ మాట వినబడింది. ఎడపల్లి వాళ్ళు మా మోటారు ఎక్కడం మానేశారు. అవ్వ ఇంకా ఘోరం. అల్లుడు వస్తే చెంబు అరుగు మీద పెట్టి లోపలికి పోయేది, చేతికి ఇచ్చేది కాదు. మా ఆయన ఆ చెంబు తీసుకొని తాగి, బోర్లించి, వచ్చిన దారినే పోయేవాడు. అసలు సంగతి అవ్వకు చెబుతానని నేను లేస్తే, "నోరిప్పినవంటే నా మీద ఒట్టు," అనేవాడు.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆ మందు మంచిదే. టాంకీ కడిగాక ఆ ఇంజను ముందెన్నడూ లేనంత బాగా నడిచింది. పొగ తగ్గింది, మా గల్లీ వాళ్ళు మళ్ళీ కోడికూతకు లేవడం నేర్చుకున్నారు. తరువాత తరువాత ఆ సీసా మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. ముందు టాంకీ అడుగు తీసి, ఆపైన మూతెడే పోసేవాడు మా ఆయన. ఇంజను ముసలిదైనకొద్దీ మందు మెల్లగా పొయ్యాలని, కడుపులో ఏళ్ళుగా పేరుకున్నది ఒక్కపూటలో కదిలిస్తే తట్టుకోలేదని తోటి డ్రైవర్లకు చెప్పేవాడు. అది ఎలా తెలుసుకున్నాడో మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

నాకు బాపు మీద కోపంగా ఉండేది. కుంటుతూ నడిచే మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత చేదుగా ఉంటుందో చెప్పలేను. ఒక్కమాట చెబితే నా మొగుడు ఊళ్ళో తలెత్తుకొని తిరుగుతాడు. ఆ ఒక్కమాట ఆయన చెప్పడు. అల్లుడు వచ్చినప్పుడల్లా బాపు నులక మంచం మీద తల వంచుకొని కర్రతో నేల గీకేవాడు. నేను గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని.

మళ్ళీ గానుగల కాలం వచ్చింది. మా తోట మొదటి పెనానికి బాపును మంచం మీద ఎత్తుకొచ్చి పొయ్యికి కొంచెం దూరంలో దించారు. చుట్టుపక్కల రైతులంతా వచ్చారు. బాపు ఇక నిలబడలేకపోతే సున్నం ఎవరు చూస్తారన్నది అందరి మనసులోనూ ఉంది, ఎవరూ బయటికి అనడం లేదు. మా ఆయన నన్ను దించి, మోటారును చింతచెట్ల అవతల ఆపుకొని అక్కడే ఉండిపోయాడు. ఎవరో ఒకాయన నవ్వుతూ, "మోటరాయనను ఇటు రానియ్యకుండ్రి, పెనం గూడ నడుమల ఆగిపోతది," అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.

బాపు కర్ర మంచం కోడుకు ఆనించి, నెమ్మదిగా అన్నాడు. "మోటరు తప్పు కాదు. పిలగాని తప్పు కాదు. మందు పోసింది నేను. వాడు మూతెడు పోస్త అన్నడు, నేను మడ్డి లేస్తలేదని సీస మొత్తం వంచిన. పెట్రోలంటె ఎట్లుంటదో నాకు ఎరుకలేదు. ఎరుక లేకుంటనే పోసిన. నా కాలు నేనే తీసుకున్న."

అవ్వ చేతిలోని చాట కింద పెట్టి, నన్ను చూసింది. నేను అవునన్నట్టు తల ఊపాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఆగలేదు. చింతచెట్ల దాకా ఒక్క ఉరుకు ఉరికాను. మా ఆయన ఇంజను రేకు ఎత్తి ఏదో తుడుస్తున్నాడు. "చెప్పిండు. బాపు అందరి ముందట చెప్పిండు, తప్పు తనదేనని," అన్నాను. ఏడాదిగా మోసిన బరువు దిగినట్టుంది నాకు. ఆయన కూడా నవ్వుతాడనుకున్నాను.

ఆయన చేతిలోని గుడ్డ ఆగిపోయింది. "ఎందుకు చెప్పనిచ్చినవు?" అన్నాడు.

"చెప్పనిచ్చుడేంది? ఏడాదినుంచి నీ పేరు ఖరాబైతున్నది—"

"నా పేరుకేమయింది? నేను బండి తోలుకునేటోన్ని. మామకు కాలు పాయె. నిలవడి పెనం చూసుడు పాయె. ఇగ మిగిలింది ఒక్కటే, ఎంత పొయ్యాల్నో ఆయినకు తెలుసునని నలుగురు అనుకునుడు. నేను గదొక్కటే కాపాడిన." ఇంజను రేకు దించాడు. "రేపటిసంది ఆయిన్ని ఎవలు అడుగుతరు?"

ఈ మనిషి ఏడాదిపాటు అరుగు మీది చెంబుతో నీళ్ళు తాగింది దీనికోసమని నాకు తట్టనే లేదు. ఇంట్లో ఉండి, పక్కన పడుకొని, తట్టలేదు. ఆయన పక్కన మోటారుకు ఆనుకొని నిలబడ్డాను. ఇద్దరం పెనం వైపు చూశాం. పొగలో మనుషులు కదులుతున్నారు, మాటలు వినబడడం లేదు. ఎవరూ నవ్వడం లేదు.

అప్పుడు సున్నపు తేట కుండ పట్టుకున్న మనిషి పెనం దగ్గరినుంచి మంచం వైపు తిరిగాడు. ఇందాక మోటారు గురించి నవ్వినాయనే. ఆయన గొంతు మాత్రం గట్టిగా వినబడింది.

"మామా, రంగు మారుతున్నది. పొయ్యాల్నా, ఆగాల్నా?"

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బాపు ఏమన్నాడో అంత దూరానికి మాకు వినబడలేదు. ఆ మనిషి మాత్రం "అట్లనే" అని కుండ వంచాడు, కళ్ళు మంచం మీదనే పెట్టి, ఆపమనేదాకా.